ఒకే రాయి, ఇద్దరి పేర్లు

కత్తిరించిన కాగితంలో రెండు ముఖాల నీడబొమ్మలు, ఎదురెదురుగా. వాటి చుట్టూ అల్లిన నిజమైన జుట్టు. మధ్యాహ్నం ఈ ఫోటో కనబడినప్పటి నుంచి ఇంకో పని మీద మనసు పోవట్లేదు.

ఆ ముఖాలు ఇద్దరు ఆడవాళ్లవి: ఛారిటీ బ్రయంట్, సిల్వియా డ్రేక్. అమెరికాలోని వెర్మాంట్‌లో వేబ్రిడ్జ్ అనే చిన్న పల్లె. 1807లో కలిసి కాపురం పెట్టారు. 1851లో ఛారిటీ చనిపోయేదాకా, అంటే 44 ఏళ్లు, విడిపోలేదు.

ఊళ్లో అందరి బట్టలూ వాళ్లే కుట్టేవారు. నాకు బాగా పట్టుకున్నది ఇదే. మగవాడి సంపాదన మీద ఆధారపడకుండా, సూదీ దారంతో సొంత ఇల్లు నడుపుకున్నారు. చర్చికి వెళ్లేవారు, కష్టంలో ఉన్నవాళ్లకు సాయం చేసేవారు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లల్ని దగ్గరకు తీసేవారు. ఊరికి వాళ్ల అవసరం ఉంది, వాళ్ల మీద గౌరవమూ ఉంది. అందరికీ అన్నీ తెలిసే ఉంటాయి, పైకి ఎవరూ అని ఉండరు. నాకైతే అలాగే అనిపిస్తుంది.

ఛారిటీ మేనల్లుడు, కవి విలియం కలెన్ బ్రయంట్, 1843లో వాళ్లింటికి వెళ్లొచ్చి, ఆ బంధం పెళ్లికి ఏమాత్రం తీసిపోదని పత్రికలోనే రాశాడు. 1843లో!

ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇలాంటి బంధాలు పట్నాల్లో, ఈమధ్యే పుట్టాయని ఎవరైనా అంటే ఇకపై ఈ ఇద్దరి పేర్లు చెప్తాను. సిల్వియా 1868లో పోయింది. ఇద్దరినీ ఒకే సమాధిరాయి కింద ఉంచింది ఇంట్లోవాళ్లే.