పాత మారుతి 800 వెనక చక్రం బేరింగులు: ఇంటి దగ్గరే మార్పు

శనివారం

చప్పుడు కుడివైపు వెనక చక్రానిదే అని తేలింది. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి వైపు పోతుంటే నలభై దాటగానే గుయ్‌మని మొదలై, వేగంతో పాటే పెరిగేది. మొదట టైర్ల మీదే అనుమానం. కానీ టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది. ఇది నున్నటి తారు మీదా, గరుకు సిమెంటు మీదా ఒకేలా ఉంది. స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పితే మోత పెరుగుతోంది, కుడికి తిప్పితే తగ్గుతోంది. ఎడమకు తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీద పడుతుంది కాబట్టి లోపం అటువైపే ఉండాలి.

జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టాక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను. సన్నటి కదలిక ఉంది. ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి రెండో చేత్తో చక్రం తిప్పితే, లోపల ఇసుక నలుగుతున్నట్టు వేళ్లకు తెలిసింది. ఇంక అనుమానం లేదు.

ఉత్త జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టొద్దు, స్టాండు లేకపోతే పని మొదలే పెట్టొద్దు. బేరింగులు కూర్చునే బ్రేకు డ్రమ్ము రావాలంటే హ్యాండ్‌బ్రేక్ వదలాలి. అందుకే ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, బండిని ఫస్ట్ గేరులో ఉంచాను. డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచే నడిమి నట్టును మాత్రం టైరు నేల మీద ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉన్నప్పుడే సడలించాలి. దానికి అంత బలం కావాలి.

డ్రమ్ము పుల్లర్‌తో, అంటే పట్టి లాగే పనిముట్టుతో వచ్చింది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదలేదు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అందుకే మూతికి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడిచాను. నీళ్లు బేరింగులోకి పోకుండా ఆపే రబ్బరు సీలు పెదవి గట్టిపడి పగిలింది. గ్రీజు తుప్పు రంగుకు తిరిగి నీళ్లలా జారుతోంది. వానాకాలంలో ఏఎమ్మార్పీ కాలువ పక్క పొలం బాటలో చక్రాలు మునిగేదాకా నీళ్లలో నడిపిన బండి ఇది. బేరింగు కంటే ముందు చచ్చింది సీలే.

డ్రమ్ములో రెండు బేరింగులు, వాటి మధ్య ఒక స్పేసర్ గొట్టం ఉంటాయి. స్పేసర్‌ను కొంచెం పక్కకు జరిపి, ఇత్తడి కడ్డీని లోపలి రింగు అంచుకు ఆనించి, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొడుతూ పోతే బేరింగు వంకర పోకుండా దిగుతుంది. పారేసేదే కాబట్టి లోపలి రింగు మీద కొట్టినా పర్వాలేదు.

సాయంత్రం పాత బేరింగులు జేబులో వేసుకుని గడియారం సెంటర్ వైపు వెళ్లాను. దుకాణాయన బండి పేరు అడగలేదు, "నంబరు చెప్పు తమ్మీ" అన్నాడు. అదే సరైన పద్ధతి. నంబరులో చివరి రెండు అంకెలు 04 గానీ అంతకు పైన గానీ అయితే, వాటిని అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. ఉదాహరణకు 6205 అంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. సీలు, నట్టు సడలకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కూడా కొత్తవే తెచ్చాను.

ఆదివారం

కొత్త బేరింగులను రాత్రే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను. డ్రమ్మును పొద్దున్నుంచి మేడ మీద ఎండలో ఉంచాను. మన మే ఎండ ఈ ఒక్క పనికి బంగారం. మీటరు ఇనుము నూరు డిగ్రీలకు ఒక మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. ఆ లెక్కన అయిదు సెంటీమీటర్ల రంధ్రానికి, అరవై డిగ్రీల తేడాకు దొరికేది మిల్లీమీటరులో వందో వంతులు మూడో నాలుగో. చూడటానికి ఏమీ కాదు గానీ, బిగుతు బేరింగుకు అదే దారి.

అసలు జాగ్రత్తంతా ఇక్కడే. బేరింగు డ్రమ్ములో బిగుతుగా కూర్చునేది బయటి రింగుతో. కాబట్టి దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ బలం గుండ్ల గుండా పోయి, అవి నడిచే దారిలో సన్నని గుంటలు పడతాయి. కొత్త బేరింగు కొన్నాళ్లకే మళ్లీ కూస్తుంది. పాత బేరింగు బయటి రింగునే అంచు కొంచెం అరగదీసి, కొత్తదాని మీద పెట్టి సుత్తితో నెమ్మదిగా దించాను. అరగదీయకపోతే అదీ లోపల ఇరుక్కుంటుంది. దిగుతున్నంతసేపు చప్పుడు బోలుగా వస్తుంది. అడుగుకు ఆనగానే ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ ఆపాలి.

రెండో బేరింగుకు ముందు స్పేసర్ పెట్టామా లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అది లేకుండా నట్టు బిగిస్తే రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోతాయి. తెరిచి ఉన్న బేరింగు అయితే గుండ్ల మధ్యకు గ్రీజు వేలితో కూరాలి. మధ్యలోని ఖాళీని మాత్రం పూర్తిగా నింపొద్దు, వేడికి పొంగి సీలు దాటి బ్రేకు షూల మీదికి వస్తుంది. సీలు పెదవికి కూడా గ్రీజు రాశాను.

నడిమి నట్టును మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు, అంటే బిగింపు బలానికి బిగించి, కొత్త పిన్ను వేసి కాళ్లు మడిచాను. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించాను.

వారం తర్వాత

మిర్యాలగూడ దాకా వెళ్లి వచ్చాను. మోత లేదు. ఇప్పుడు టైర్ల సహజమైన మోత వినబడుతోంది. దిగగానే రెండు వెనక డ్రమ్ముల మీదా చెయ్యి పెట్టి చూశాను, వేడి సమానంగా ఉంది. మళ్లీ జాకీ మీద లేపితే కదలిక లేదు, తిప్పితే నున్నగా తిరుగుతోంది.

ఎడమవైపు బేరింగు ఇంకా బాగానే ఉంది కాబట్టి దాన్ని కదిలించను. కానీ ఆ సీలు వయసూ ఇంతే. వానలు పడేలోపు అటువైపు డ్రమ్ము తీసి, సీలు ఒక్కటే మారుస్తాను.