సెయింట్ లూయీలో దిగాలంటే వంతెనకి ఏ పక్క?

సెనెగల్‌లో సెయింట్ లూయీ వెళ్తున్నాం అనగానే ప్రతివాళ్ళదీ ఒకటే పాట, "ద్వీపం మీదే దిగండి, పాత ఇంట్లోనే దిగండి" అని. ఎందుకూ అంటే ఫోన్ తీసి బాల్కనీ ఫోటో చూపిస్తారు. పసుపు గోడ, చెక్క బాల్కనీ, కాగితం పూలు, సాయంత్రం ఎండ. ఆ బాల్కనీ వెనకున్న గదిలో గాలి ఆడుతుందా, బాత్రూంలో నీళ్ళొస్తాయా, రాత్రికి ఎంత గుంజుతారు అన్నది ఒక్కరూ చెప్పరు. రాజధాని డకార్‌లో ఉండే మా బావమరిదిది ఇంకో పాట. "బావా, ఆ పాడుబడ్డ కొంపల్లో ఏం పడుకుంటావు, సోర్‌లో ఏసీ హోటల్ తీసుకో, సగం రేటు" అని. వాడు ఎరువుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పాత గోడ కనిపిస్తే చాలు, పడగొట్టి మళ్ళీ కట్టాలనిపిస్తుంది వాడికి.

మ్యాప్‌లో ఊరు తేలిగ్గానే అర్థమవుతుంది. ఒడ్డున సోర్. బస్సులూ కార్లూ ఆగేది అక్కడే, జనం ఎక్కువగా ఉండేదీ అక్కడే. సెనెగల్ నది మీద 1897 నాటి ఫెదెర్బ్ వంతెన, అర కిలోమీటరు ఇనప వంతెన, అది దాటితే ద్వీపం. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు, అడ్డంగా నడిస్తే ఐదారు నిమిషాలు. ద్వీపానికి అవతల ఇంకో చిన్న వంతెన, దాని అవతల లాంగ్ ద బార్బరీ అనే ఇసుక పట్టీ, ఒక పక్క నది, ఇంకో పక్క అట్లాంటిక్. 1659లో ఫ్రెంచివాళ్ళు కోట కట్టుకుని కూర్చున్నది ద్వీపం మీద. 1902 దాకా వాళ్ళ పశ్చిమాఫ్రికా మొత్తానికీ రాజధాని ఇదే. తర్వాత ఆ వైభోగం డకార్‌కి పోయింది, ఇళ్ళు మాత్రం ఇక్కడ మిగిలాయి. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ ముద్ర పడ్డాక హోటళ్ళ వాళ్ళు ఊరుకుంటారా!

డకార్‌లో బో మరషే స్టాండులో సెట్ ప్లాస్ ఎక్కాం. ముసలి ప్యూజో కారు, వెనక సీటుకి వెనక ఇంకో సీటు ఇరికించి ఏడుగురిని కూరుస్తారు, నిండితేనే కదులుతుంది. టికెట్టు రేటు ఖాయం, సామాను రేటు మాత్రం మన మొహం చూసి. సూట్‌కేసుకి మూడు వేల ఫ్రాంకులన్నాడు (అప్పట్లో వెయ్యి ఫ్రాంకులంటే నూటనలభై, నూటయాభై రూపాయలనుకోండి). ఎల్లో ఫీవర్ టీకా కోసం ఊళ్ళు తిరిగిన దానికంటే ఎక్కువ కోపం వచ్చింది నాకు అప్పుడు. వెనకున్న పెద్దావిడ డ్రైవర్ని వాళ్ళ వోలోఫ్ భాషలో ఏదో గట్టిగా అడిగింది, వెంటనే వెయ్యికి దిగాడు. ఆ తర్వాత 260 కిలోమీటర్ల దారి గురించి చెప్పడానికేం లేదు. బావొబాబ్ చెట్లు, మేకలు, మోకాళ్ళ నొప్పి.

సోర్‌లో బావమరిది చెప్పిన హోటల్ చూశాం. తప్పు పట్టడానికేం లేదు. టైల్స్, ఏసీ, టీవీ, రాత్రికి పద్నాలుగు వేల ఫ్రాంకులు. కిటికీ తీస్తే ఎదురుగా సెల్‌ఫోన్ రీఛార్జి కొట్టు, దాని పక్కన టైర్ల కొట్టు. ఈ గది కోసమైతే రెండు విమానాలు మారి రావాల్సిన పని లేదు అంది మా ఆవిడ. నాకూ అదే అనిపించింది, కానీ ఏసీ చూసి నోరు మూసుకున్నా.

నాకు అసలు కావాల్సింది సముద్రం. కాకినాడలో పుట్టినవాడికి సముద్రం ఉన్న ఊళ్ళో నది ఒడ్డున పడుకోమంటే ఏదో వెలితి. ఇసుక పట్టీ మీద దక్షిణంగా పోతే హైడ్రోబేస్ అనే చోట బీచ్ హోటళ్ళున్నాయి, రేట్లూ ద్వీపం కంటే నయం. కానీ అక్కడికి పోవాలంటే గెట్ న్దార్ దాటాలి, వేరే రోడ్డు లేదు. జాలరుల పేట అది. ఆ టాక్సీ ప్రయాణం గురించి మాత్రం చెప్పాలి.

రోడ్డు ఒకటే. దాని మీద చేపల ఐసు లారీలు, గుర్రబ్బళ్ళు, తాళ్ళతో కట్టేసిన పొట్టేళ్ళు, బేసిన్లు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, స్కూలు వదిలిన పిల్లలు, అందరూ ఒకే గంటలో బయల్దేరారు. లారీ వెనక తలుపు నుంచి కారే చేపల నీళ్ళు మా టాక్సీ బానెట్ మీద పడుతున్నాయి, డ్రైవర్ వైపర్ వేస్తున్నాడు, వైపర్‌కి రబ్బరు లేదు, ఉత్త ఇనుము అద్దం మీద గీరుతోంది. ఎడమ పక్క నది ఒడ్డున పడవలు, ఒక్కోటీ బస్సంత పొడవు. ముక్కు నుంచి తోక దాకా రంగులు, గురువుల పేర్లు, జెండాలు, ఫుట్‌బాల్ జట్ల బొమ్మలు. కుడి పక్క సందుల చివర సముద్రం కనిపిస్తుంది, అయితే దానికంటే ముందు సముద్రం కొరికేసిన ఇళ్ళు కనిపిస్తాయి. ఒక ఇంటికి ముందు గోడ ఉంది, వెనక ఏమీ లేదు. మెట్లు మాత్రం పైకి పోతున్నాయి, పైన అంతస్తే లేదు. ఇప్పుడు నల్లరాళ్ళు పోసి కట్ట వేశారు. ఇళ్ళు పోయిన కుటుంబాలను లోపలెక్కడో కొత్త కాలనీల్లో పెట్టారట. రోజూ చేపలకి పోయేవాడు సముద్రానికి అంత దూరంలో ఉండి ఏం చేస్తాడు అన్నాడు డ్రైవర్. పేట దాటాక జాలరుల శ్మశానం, సమాధుల మీద వలలు కప్పి ఉన్నాయి. మా ఆవిడ అప్పటిదాకా ముక్కు దగ్గర పెట్టుకున్న చున్నీ కిందికి దించింది.

హోటల్ బాగానే ఉంది, ఎవరూ లేరు అంతే. మేనేజరు ఒక్కడూ కుర్చీలో కూర్చుని ఇసుక చూస్తున్నాడు. 2003లో వరదొచ్చి ఊరు మునుగుతుందని భయపడి, నీళ్ళు పోవడానికి ఈ పట్టీకి అడ్డంగా నాలుగు మీటర్ల కాలవ తవ్వారు. నీళ్ళు పోయాయి, కాలవ మాత్రం అక్కడితో ఆగలేదు, కోసుకుంటూ కోసుకుంటూ కిలోమీటర్ల వెడల్పయింది. అక్కడ ఉండే పల్లెలు కూడా పోయాయి. ఇదంతా అతను చెబుతున్నప్పుడు మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి అర్థం అడగక్కర్లేదు. పైగా సాయంత్రం భోజనానికి ద్వీపానికి పోవాలంటే మళ్ళీ అదే రోడ్డు, రాత్రి టాక్సీ రేటు. సముద్రానికి దణ్ణం పెట్టి వెనక్కొచ్చేశాం.

ద్వీపం మీద ఎండ నెత్తిన పడుతుంటే వంతెన దిగంగానే ఉన్న హోటల్ ద లా పోస్ట్‌లో కాఫీకి కూర్చున్నాం. పాత పైలట్ల హోటల్ అది. 1930 మే నెలలో ఇక్కడి నుంచే సీప్లేన్‌లో ఉత్తరాల సంచులు వేసుకుని అట్లాంటిక్ దాటి బ్రెజిల్‌లో దిగిన జాఁ మెర్మోజ్ బస చేసిందీ ఇక్కడే. గోడల నిండా ఆ రోజుల ఫోటోలు. గది అడగలేదు. కాఫీ రేటు చూసే గది రేటు ఊహించుకున్నాం.

తర్వాత చూసిన గదుల్లో మొదటిది వీధి మట్టంలో ఉంది. రాతి నేల, ఎత్తయిన సీలింగు, ఫోటోకి అద్భుతం. లోపలికి అడుగు పెట్టగానే ముక్కుపుటాలకి ఉప్పు వాసన. గోడ మీద చెయ్యి ఆన్చితే సున్నం పొట్టు పొట్టుగా అరచేతికి అంటుకుంది, మంచం తలవైపు నిలువెత్తు తేమ మరక. ఈ ఇళ్ళ సంగతి తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. కింది అంతస్తు మనుషుల కోసం కట్టిందే కాదు, గోదాము. నది ఎగువ నుంచి పడవల్లో వచ్చే తుమ్మ బంక ఇక్కడ నిల్వ చేసి యూరప్ బట్టల మిల్లులకు పంపేవారు. యజమాని కుటుంబం పై అంతస్తులో, గాలి తగిలే బాల్కనీ గదుల్లో ఉండేది. ఇప్పుడా గోదాములే "హెరిటేజ్ రూం". ముప్పై రెండు వేలు. బంక బస్తాలకి చేసిన గదికి మనం ముప్పై రెండు వేలు ఇవ్వాలి!

ఆ బంకకి బదులు ఇచ్చిందేమిటో తెలుసా? నీలం గుడ్డ. మన కోరమాండల్ తీరంలో నేసి, పుదుచ్చేరిలో నీలిమందు అద్ది, ఫ్రెంచి ఓడల్లో ఇంత దూరం తెచ్చేవాళ్ళు. గినే అనేవారు ఆ గుడ్డని, నది వెంట డబ్బు బదులు తానుల లెక్కన చెల్లేది. యానాం మా ఊరికి గంట దూరం, 1954 దాకా అక్కడా ఈ దొరలే. ఇక్కడ ద్వీపం మీద వాళ్ళ గవర్నరు మేడ ముందు నిలబడితే నాకు కొత్తగా అనిపించకపోవడానికి అదో కారణం కావచ్చు.

రెండో గదికి బాల్కనీ ఉంది. ఫోన్లో ముప్పై అన్నవాడు మా సూట్‌కేసు చూశాక నలభై ఐదు అన్నాడు. అదేమంటే సీజన్ అంటాడు. మే నెలలో జాజ్ పండగప్పుడు గదులు దొరకవని నాకూ తెలుసు, ఇప్పుడు జనవరి కదా నాయనా అంటే నవ్వాడు. నవ్వితే తగ్గుతాడనుకున్నా, తగ్గలేదు.

మధ్యాహ్నం రెండయింది. ఉత్తరం వైపు పెద్ద మసీదుకి పోయే వీధిలో ఒక గుమ్మం నీడన ముసలాయన బొగ్గుల కుంపటి మీద అతాయా, అంటే వాళ్ళ టీ, కాస్తున్నాడు. చిన్న నీలం టీపాట్, రెండే గ్లాసులు, టీని చేతులంత ఎత్తు నుంచి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోస్తూ నురగ తెప్పిస్తున్నాడు. సూట్‌కేసు చక్రం రాళ్ళలో ఇరుక్కుని నేను తిట్టుకుంటుంటే కూర్చోమని స్టూలు చూపించాడు. మొదటి గ్లాసు చేదు, రెండోది నయం, మూడోదంతా పంచదారే. మూడూ అయ్యేసరికి గంట పట్టింది, మధ్యలో లేవడం మర్యాద కాదని మాకు అర్థమైంది. ఈ గంటలో ఆయన అడిగింది పిల్లలెంతమంది, అమ్మానాన్నా ఉన్నారా, ఆరోగ్యం ఎలా ఉంది. ఏ దేశం అని చివర్లో అడిగాడు. గది కావాలంటే ఒక మనవడిని పిలిచి వెనక వీధిలోకి పంపాడు. కమీషన్ కోసమే అనుకున్నా. కుర్రాడు ఇల్లు చూపించి తలుపు కొట్టేసి పరిగెత్తుకుని వెళ్ళిపోయాడు.

అదే మేం దిగిన ఇల్లు. బయట బోర్డు లేదు. నడవలోంచి పోతే మధ్యలో వాకిలి, ఒక బాదం చెట్టు, దాని కింద పొట్టేలు. చెక్క మెట్లు ఎక్కితే పైన గది. పశ్చిమం వైపు కిటికీ, ఆకుపచ్చ చెక్క రెక్కలు. ఏసీ లేదు, అక్కర్లేదు కూడా, గోడ మూరెడు మందం. దోమతెరకి చిరుగుంటే ఇంటావిడ మా ముందే సూదీ దారం తెచ్చి కుట్టింది. ఇరవై ఐదు అంది, పద్దెనిమిది అన్నా, ఇరవై, పొద్దున రొట్టె, కాఫీ కలిపి. "ఏవండీ, ఇంక బేరం చాలు, నా కాళ్ళు పోతున్నాయి" అని మా ఆవిడ మెట్ల మీద కూలబడింది.

మర్నాడు మధ్యాహ్నం వాకిట్లో భోజనానికి పిలిచారు. పెద్ద పళ్ళెం ఒకటే, చుట్టూ అందరం. చెబుజెన్, అంటే చేప అన్నం, పుట్టింది ఈ ఊళ్ళోనే అంటారు. టమాటా రసంలో ఉడికిన ఎర్రటి అన్నం, మధ్యలో కొత్తిమీర లాంటి ఆకు నూరి కూరిన చేప, క్యాబేజీ, క్యారెట్టు, కర్రపెండలం, వంకాయ. గిన్నె అడుగున మాడిన అన్నం గీకి విడిగా పెడతారు, దానికి పోటీ ఎక్కువ. మన ముందున్న భాగమే తినాలి, చేప కావాలంటే మనం చెయ్యి చాపక్కర్లేదు, ఇంటావిడే విరిచి మన వైపు తోస్తూ ఉంటుంది. నోట్లో పెట్టగానే నాకు తెలిసిపోయింది, ఇది నూక. ఏరి కోరి నూకలతోనే వండుతారు, రసం బాగా పీలుస్తుందని. మా ఇంట్లో నూకలంటే ఉప్మాకి, మిగిలితే కోళ్ళకి.

బియ్యం ఎక్కడివని అడిగితే వంటింట్లోంచి బస్తా ఈడ్చుకొచ్చారు. ఇండియా అని రాసుంది. కాకినాడ రేవు నుంచి పశ్చిమాఫ్రికాకి బియ్యం ఓడలు పోతాయని చిన్నప్పటి నుంచి వింటున్నదే. జగన్నాథపురం వంతెన మీద నిలబడి బార్జీలు లెక్కపెట్టేవాళ్ళం, ఆ బస్తాలు ఎవరి పళ్ళెంలో పడతాయో ఆలోచించలేదు ఎప్పుడూ. ఇంటావిడ మాత్రం ఆలోచించి పెట్టుకుంది. 2022 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం నూకల ఎగుమతి నిషేధించింది కదా, ఆ కోపం ఇంకా చల్లారలేదు. "ఎందుకు ఆపారు?" అని నన్ను నిలదీసింది, ఆ ఆర్డరు మీద నేనేదో సంతకం పెట్టినట్టు. ఇథనాల్ తయారీకి నూకలు కావాలనీ, వానలు తక్కువ పడ్డాయనీ నా ఫ్రెంచిలో ఏదో నసిగాను. ఇండియాలో బియ్యం ఉన్నాయి కదా మరి, అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ పక్కనుంచి "మీ ఊరు పోర్టు కదా, మీరే చెప్పాలి" అని ఇంకాస్త ఎగదోసింది.

జూజ్ పక్షుల పార్కుకీ వెళ్ళాం, పెలికాన్లు వేలల్లో ఉన్నాయి, బాగుంది. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

అంతా సుఖమేనని చెప్పను. తెల్లవారకముందే మసీదు మైకు, దాని వెంటనే కింద పొట్టేలు, పొట్టేలు ఆగితే కోళ్ళు. శనివారం రాత్రి పక్క వీధిలో ఏదో పేరంటం, ఒంటిగంట దాకా డప్పులు. మా ఆవిడ సోర్ హోటల్ ఏసీని ఒకసారి పేరుపెట్టి తలుచుకుంది. నీళ్ళు సాయంత్రాలు పై అంతస్తుకి ఎక్కవు, బకెట్ ముందే నింపి పెట్టుకోవాలి.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. ద్వీపం మీదే దిగండి, కానీ మేడ మీద గది అడగండి, కింద గది ఎంత అందంగా ఉన్నా వద్దు. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. పశ్చిమం వైపు కిటికీ అయితే సాయంత్రం సముద్రపు గాలి వస్తుంది. రేటు మాట్లాడేటప్పుడు టూరిస్టు పన్ను కలిపా, విడిగానా అని ముందే అడగండి, మనిషికి రాత్రికి వెయ్యి ఫ్రాంకులు లెక్కన చివర్లో తేలుతుంది. మాకు తేలింది, మా ఆవిడ మాత్రం ఇంటావిడతో బేరమాడనివ్వలేదు.