పెద్ద కూర: ఏ ముక్క దేనికి

"మెత్తటి బోన్‌లెస్ కిలో ఇవ్వండి" అని అడిగితే చాలాచోట్ల తొడ కోసిస్తారు. చూడ్డానికి ఎర్రగా, శుభ్రంగా ఉంటుంది, కూర వండితే పీచుపీచుగా తయారవుతుంది. మన దగ్గర దొరికేది ఎక్కువగా బర్రె, దున్న మాంసం. కండ మధ్యలో కొవ్వు తక్కువ కాబట్టి తొడ ఉడికేకొద్దీ నీరు వదిలి ఎండిపోతుంది.

కూరకి, పులుసుకి పిక్క అడగండి. బరువు మోసే కాలు కదా, అడ్డంగా కోస్తే తెల్లటి పొరలు కనిపిస్తాయి. వాటిని తీసేయమని చెప్పేవాళ్లే ఎక్కువ, రుచంతా అక్కడే పోతుంది! ఆ పొరల్లోని కొలాజిన్ అనే గట్టి ప్రోటీన్ 70 డిగ్రీలు దాటాక మెల్లగా జెలటిన్‌గా మారుతుంది. పులుసు వేళ్లకు జిగురుగా అంటుకునేది దానివల్లే. కిలో పిక్కకు కుక్కర్‌లో ఒక విజిల్ వచ్చాక సన్న సెగ మీద 35–40 నిమిషాలు, మామూలు గిన్నెలో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ముదురు పశువైతే ఇంకాస్త. గంటకే మూత తీసి చూస్తే ముక్క రబ్బరులా సాగుతుంది. ఇక ఉడకదని దించేయకండి, పొర ఇంకా కరగలేదంతే.

బిర్యానీకి జబ్బ బాగుంటుంది. సీనాలో, అంటే రొమ్ము ముక్కలో, కొవ్వెక్కువ, దాన్నీ సన్న సెగ మీదే వండాలి.

తొడ వ్యర్థమేం కాదు, ఖీమాకి, తునకలకి (ఎండబెట్టి దాచుకునే మాంసం ముక్కలకి) అదే సరైనది. తునకలకు పీచు వెంబడే, వేలు మందం మించకుండా పొడవుగా కోయాలి. అడ్డంగా కోస్తే దండెం మీద తెగి పడతాయి, మందంగా కోస్తే లోపల తడి మిగిలి వాసనొస్తాయి. వేపుడికైతే అచ్చంగా దీనికి వ్యతిరేకం: పీచుకు అడ్డంగా, పలచగా. పచ్చి బొప్పాయి ముద్ద కిలోకి రెండు చెంచాలు, గంటసేపు చాలు. రాత్రంతా ఉంచితే ముక్క పైపైన పిండిలా అయిపోతుంది. వెన్ను కింద ఉండే అండర్‌కట్‌కి ఆ బొప్పాయి కూడా అక్కర్లేదు, పెనం మీద నిమిషాల్లో అయిపోతుంది.

హైదరాబాద్ నహారీకి (పొద్దున తినే మాంసం పులుసు) పాయతో పాటు జబాన్, అంటే నాలుక, తెచ్చుకోండి. నాలుకను ముందు విడిగా ఉడికించి, వేడి మీదే పైతోలు ఒలిచేయాలి. చల్లారిందంటే తోలు కండను పట్టేసుకుంటుంది, కత్తితో గీకాల్సిందే.