రెండు ఫ్రిస్కోల మధ్య: ట్రైలర్ కట్టుకుని కొండెక్కిన కథ

మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. కొలరాడోలో కూడా ఒక ఫ్రిస్కో ఉంది. మాది సముద్రమట్టానికి ఏడొందల అడుగుల చిల్లర ఎత్తులో బల్లపరుపుగా ఉండే ఊరు. అది తొమ్మిది వేల అడుగుల ఎత్తున, చుట్టూ కొండలతో, డిల్లన్ రిజర్వాయర్ ఒడ్డున ఉంటుంది. మధ్య దూరం 850 మైళ్ల పైచిలుకు. జూన్ ఎండలకి ఇక్కడ మాడిపోవడం దేనికి, అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకెళ్దాం అంది మా ఆవిడ. అత్తయ్యగారికి బయటి తిండి పడదు. అందుకే హోటళ్లు వద్దు, వండుకోవడానికి, పడుకోవడానికి వీలున్న ట్రైలర్ కట్టుకునే వెళ్దామన్నాను నేను.

అప్పటికి నా దగ్గర ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఉండేది. ముగ్గురం ఉన్నప్పుడు చిన్న ట్రైలర్‌ని హాయిగా లాగేది. పెద్దవాళ్లు ఆర్నెల్లు ఉండేలా వస్తున్నారని ట్రైలర్‌ని 28 అడుగులకి మార్చాం. దాంతో ట్రక్కు లెక్క కూడా మారిపోయింది.

ట్రక్కు డ్రైవర్ వైపు తలుపు తీస్తే, తలుపు మూసుకునే చోట పసుపు, తెలుపు రంగుల్లో ఒక స్టిక్కర్ కనబడుతుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని దాని మీద ఉంటుంది. నా ఎఫ్-150 మీద ఉన్నది 1,640 పౌండ్లు. అదే ట్రక్కు బ్రోషర్లో మాత్రం 11 వేల పౌండ్లకి పైగా లాగుతుందని ఉంది. కొత్త ట్రైలర్ నిండా సర్దినా ఏడు వేల చిల్లరే కాబట్టి ఢోకా లేదని ట్రైలర్ అమ్మినాయన భరోసా ఇచ్చాడు. ఆయనకేం, ట్రైలర్ అమ్ముడుపోతే చాలు. ట్రైలర్ ముందు భాగం ట్రక్కు మీద మోపే బరువుని టంగ్ వెయిట్ అంటారు. మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మా ట్రైలర్‌కి అది 900 పౌండ్ల దగ్గర తేలింది. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్ ఇంకో వంద. నలుగురు పెద్దవాళ్లం, చిన్నోడు, వాడి కార్ సీటు కలిపి 700. వెనక తొట్టిలో జనరేటర్, కూలర్, పనిముట్లు, బియ్యం బస్తా 250. మొత్తం 1,950. లాగే బలం ఇంకా మిగిలే ఉంది, మోసే బలమే చాల్లేదు.

బ్రోషర్లో అంకె అబద్ధమేం కాదు. జే2807 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరున్న పొడవాటి ఎగువని ట్రైలర్‌తో ఎక్కి చూపించాలి. కానీ ఆ లెక్కలో ట్రక్కులో ఇద్దరే ఉంటారు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. బియ్యం బస్తాలు, అత్తమామలు ఆ లెక్కలోకి రారు.

కాబట్టి త్రీక్వార్టర్ టన్ను ట్రక్కుకి, అంటే ఎఫ్-150 కంటే ఒక మెట్టు పెద్దదైన ఎఫ్-250 లాంటిదానికి, వెళ్లక తప్పదని తేలింది. ఇక పెట్రోలా, డీజిలా? అడిగిన ప్రతివాళ్లూ డీజిల్ అనే చెప్పారు. కొండల్లో దానికి తిరుగులేదు. గాలిని ఇంజన్‌లోకి బలంగా తోసే టర్బో ఉంది కాబట్టి పల్చటి గాల్లో నీరసపడదు, దిగేటప్పుడు ఇంజన్ పొగని అడ్డగించి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేక్ పట్టి ఉంచుతుంది. కానీ కొత్తదానికి పెట్రోల్ మోడల్ మీద దాదాపు పది వేల డాలర్లు ఎక్కువ. ఇంజన్ కూడా బరువు కావడంతో అదే ఎఫ్-250లో మోసే సామర్థ్యం కొన్ని వందల పౌండ్లు తగ్గిపోతుంది. పైగా నా ట్రక్కు ఏడాదిలో ఎక్కువ రోజులు తిరిగేది కాస్ట్‌కోకి, చిన్నోడి స్కూలుకి. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. అలాంటి వాడకంలో డీజిల్ పొగని వడకట్టే ఫిల్టర్ మూసుకుపోయి లేనిపోని ఖర్చు తెస్తుంది. ఏటా కొన్ని వారాలు కొండలెక్కడానికి మిగతా ఏడాదంతా దానికి సేవ చేసే ఓపిక నాకు లేదు.

పెట్రోల్లో మూడూ నడిపి చూశాం, కాస్త వాడినవి. ర్యామ్ 2500కి 6.4 లీటర్ల హెమీ, 410 హార్స్‌పవర్, ఎనిమిది గేర్లు. వెనక కాయిల్ స్ప్రింగులు కావడం వల్ల ఖాళీగా ఉన్నప్పుడు కుదుపు తక్కువ, మా ఆవిడ ఓటు దానికే. షెవ్రొలే 2500హెచ్‌డీలో 6.6 లీటర్ల ఇంజన్, 464 పౌండ్-అడుగుల టార్క్, అంటే తిప్పే బలం. ఇంజన్ బాగా నచ్చింది. కానీ మా బడ్జెట్‌లో దొరికిన మోడళ్లలో ఆరు గేర్లే ఉన్నాయి, పది గేర్లు 2024 నుంచే వచ్చాయి. చివరికి ఎఫ్-250లో 7.3 లీటర్ల వీ8 తీసుకున్నాం. గాడ్జిల్లా అంటారు దాన్ని. 430 హార్స్‌పవర్, 475 పౌండ్-అడుగులు. క్యాస్ట్ ఐరన్ బ్లాక్, పాతకాలపు పుష్‌రాడ్ పద్ధతి, టర్బో లేదు. చెడిపోవడానికి సామాను తక్కువున్న ఇంజన్ అని నా లెక్క. దానికి పది గేర్లు. తలుపు స్టిక్కర్ మీద 3,180 పౌండ్లు.

హనుమంతుడి గుడిలో వాహన పూజ చేయించాం. ట్రైలర్‌ని కూడా వెంట తీసుకెళ్లాం కాబట్టి ఎనిమిది నిమ్మకాయలు కావాల్సి వచ్చాయి. పంతులుగారు ట్రైలర్‌కి కూడా స్వస్తిక్ రాసి, ఇంటికి చేసే పూజ చేయాలా, బండికి చేసేదా అని నవ్వారు.

మామయ్యగారు మార్కాపురం డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఆయనకి కొట్టిన పిండి. బయల్దేరే రోజు తెల్లవారుజామున నేను ట్రైలర్ తగిలిస్తుంటే పక్కనే గొంతుక్కూర్చుని ప్రతిదీ చూశారు. బాల్ మీద కప్లర్ కూర్చోవడం, పిన్ను పడడం, రెండు గొలుసులు అడ్డంగా దాటించి తగిలించడం, ఏడు పిన్నుల కరెంటు ప్లగ్గు, అన్నీ. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పట్టేలా లాగే సన్నటి తీగని చూపిస్తే రెండు వేళ్లతో పట్టి చూసి, "ఇంత బండికి ఇంత సన్నటి తీగా?" అన్నారు. బరువు పంచే హిచ్‌కి ఇరువైపులా ఉన్న ఇనుప కడ్డీల్ని పైకెత్తి బిగించేసరికి ట్రక్కు వెనక భాగం లేచి సమంగా నిలబడింది. అది మాత్రం ఆయనకి నచ్చింది.

యూఎస్-287 ఎక్కాక దారిలో ఒక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించాను. ముందు ఇరుసు 4,160, వెనక ఇరుసు 4,560, ట్రైలర్ ఇరుసులు 6,480. మొత్తం 15,200 పౌండ్లు, అంటే దాదాపు ఏడు టన్నులు. ట్రక్కు తన పరిమితి పది వేలకి ఇంకా 1,280 తక్కువలో ఉంది. ఆ చీటీ చూశాక నాకు సగం టెన్షన్ పోయింది. ట్రైలర్ కొనేవాళ్లెవరైనా సలహా అడిగితే, ముందు కుటుంబంతో సహా తూకం వేయించుకోమనే చెబుతున్నాను. కంపెనీ చెప్పే ఖాళీ బరువుని నమ్ముకుంటే నీళ్లు, సిలిండర్లు, బ్యాటరీలు, అత్తయ్యగారి పచ్చళ్లు ఎవరి ఖాతాలో పడతాయి?

విచిటా ఫాల్స్ దాటాక గాలి మొదలైంది. టెక్సస్ ఉత్తర కొసనున్న పాన్‌హ్యాండిల్‌లో దాన్ని ఆపడానికి చెట్టూ ఉండదు, గుట్టా ఉండదు. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల లారీ దాటుతుంటే ముందు అవతలికి నెడుతుంది, తర్వాత తన వైపు లాక్కుంటుంది. ఎఫ్-150లో అలాంటప్పుడు స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని భుజాలు బిగపట్టేవాణ్ని. ఇందులో ఆ ఊపు సీటు దాకా రాదు. బండి బరువు, గట్టి టైర్లు, గట్టి స్ప్రింగులు, దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను గానీ, పెద్ద బండికి పెట్టిన డబ్బులు నాకు కొండల కంటే ముందు ఇక్కడే గిట్టుబాటయ్యాయి. వెనక సీట్లో అత్తయ్యగారు, చిన్నోడు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు.

అమరిల్లో పక్కన క్యాడిలాక్ రాంచ్ దగ్గర ఆగాం. 1974లో పది కార్లని ముక్కు భూమిలోకి పాతి నిలబెట్టారు. వచ్చినవాళ్లంతా స్ప్రే డబ్బాలతో రంగులు కొట్టిపోతుంటారు. చిన్నోడికి పండగ. మామయ్యగారు మాత్రం ఒకదాని చక్రం తట్టి చూసి, ఇంజన్లు తీసి పాతారా, ఉంచే పాతారా అని అడిగారు.

మొదటి మజిలీ పాలో డ్యూరో కాన్యన్. క్యాంపు లోయ అడుగున ఉంటుంది, దిగే రోడ్డు 10 శాతం వాలు. బరువు లాగేటప్పుడు గేర్లు అందుకు తగ్గట్టు మారేలా చేసే టో-హాల్ మీట నొక్కి, గేర్ తగ్గించి, నెమ్మదిగా దింపాను. రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి మట్టి గోడలు. మామయ్యగారు అంతసేపూ నా కాళ్లవైపే చూస్తున్నారు. కిందికి చేరాక, "అల్లుడుగారూ, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచేయకండి. గట్టిగా పట్టండి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయండి. ఏ గేర్లో ఎక్కగలమో ఆ గేర్లోనే దిగాలి," అన్నారు. ట్రైలర్ లాగడం నేర్పే వీడియోలు నేను బోలెడు చూశాను. అన్నీ కలిపి చెప్పింది ఇదే. ఆ రాత్రి పులిహోర, పెరుగన్నం.

పెట్రోల్ సంగతి మర్నాడు డాల్‌హార్ట్‌లో బయటపడింది. గ్యాలన్‌కి ఎనిమిది మైళ్లు వస్తున్నాయి, ఎదురుగాలిలో ఏడు. మామయ్యగారు ఫోన్లో లెక్కకట్టి, "లీటరుకి మూడున్నర కూడా రాలేదే! మా బస్సు నిండా జనంతో ఐదు ఇచ్చేది!" అని నిజంగానే బాధపడ్డారు. ఆర్టీసీలో కేఎంపీఎల్, అంటే లీటరుకి వచ్చే కిలోమీటర్లు, తగ్గితే డ్రైవర్‌ని పిలిచి అడుగుతారట. అక్కణ్నుంచి ప్రతి బంకు దగ్గరా రీడింగు, గ్యాలన్లు చిన్న నోట్‌బుక్‌లో రాయడం ఆయన పనైపోయింది. మాది 34 గ్యాలన్ల ట్యాంకు. లెక్క ప్రకారం 270 మైళ్లు రావాలి, కానీ క్లేటన్, రటోన్‌ల మధ్య బంకులు అంత దగ్గరగా ఉండవు కాబట్టి 200 దాటనివ్వలేదు. పొడుగు తొట్టి ఉన్న మోడల్ కొంటే 48 గ్యాలన్ల ట్యాంకు వచ్చేది. పార్కింగ్‌కి భయపడి పొట్టిది తీసుకున్నాం. ఈ రోడ్ల మీద అది గుర్తొస్తూనే ఉంది.

రటోన్ పాస్ అనే కనుమ ఎత్తు 7,834 అడుగులు. పెద్దగా కష్టం లేకుండా దాటేసి ట్రినిడాడ్‌లో పడుకున్నాం. కొలరాడోలో పెట్రోల్ కొట్టించేటప్పుడు ఒకటి గమనించాలి. అక్కడ చాలా బంకుల్లో రెగ్యులర్ అంటే 85 ఆక్టేన్. ఈ ఇంజన్‌కి కనీసం 87 కావాలని మాన్యువల్లో ఉంది. బరువు లాగుతూ ఎగువ ఎక్కేటప్పుడు అక్కడ పిసినారితనం పనికిరాదు. మధ్య బటన్ నొక్కాలి.

అసలు పరీక్ష డెన్వర్ దాటాక ఐ-70 మీద. జార్జ్‌టౌన్ దగ్గర ఎనిమిదిన్నర వేల అడుగులు, అక్కణ్నుంచి ఐసెన్‌హవర్ సొరంగానికి 11 వేలు. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకి దాదాపు 3 శాతం శక్తి కోల్పోతుంది. అంటే పైకి చేరేసరికి నా 430 గుర్రాల్లో మూడో వంతు దగ్గర దగ్గర మాయం. కుడి లేన్‌లోకి వచ్చేశాను. గేర్లు కిందికి దిగాయి, ఆర్‌పీఎం ముల్లు బాగా పైకెక్కి కూర్చుంది, ఇంజన్ ఒకటే రొద. మా ఆవిడ వెనకనుంచి, "ఏమన్నా అయ్యిందా?" అంది. ఏమీ కాలేదు. పెట్రోల్ ఇంజన్ కొండెక్కే పద్ధతే అది, దాని బలమంతా ఆ పై ఆర్‌పీఎంలోనే ఉంటుంది. ఉష్ణోగ్రత ముల్లు కదల్లేదు, వేగం 45, 50 మధ్య నిలకడగా ఉంది. డీజిల్ ట్రక్కులు మాత్రం అంతకంటే పెద్ద ట్రైలర్లు కట్టుకుని పక్కనుంచి నిశ్శబ్దంగా వెళ్లిపోయాయి. చూస్తే కాస్త కుళ్లు పుట్టిన మాట నిజం.

సొరంగానికి ముందు పెట్రోల్ ట్యాంకర్లు పక్కకి మళ్లిపోతుంటే మామయ్యగారు ఎందుకని అడిగారు. ప్రమాదకరమైన సరుకుని లోపలికి రానివ్వరు, 11,990 అడుగుల లవ్‌ల్యాండ్ పాస్ ఎక్కి దిగాల్సిందే. మేం వెళ్లినది 1973లో తెరిచిన సొరంగం, పొడవు 1.7 మైళ్లు. అవతలికి రాగానే సిల్వర్‌థార్న్ దాకా ఒకటే దిగువ. పెట్రోల్ ట్రక్కుకి ఎగ్జాస్ట్ బ్రేక్ లేకపోవడం ఇక్కడ తెలుస్తుంది. అయినా టో-హాల్‌లో గేర్లు వాటంతటవే తగ్గి, 7.3 లీటర్ల ఇంజన్ నాలుగు వేల ఆర్‌పీఎం మీద అరుస్తూ బాగానే పట్టి ఉంచింది. వేగం 50 దాటబోతే గట్టిగా బ్రేకు పట్టి 40కి తెచ్చి వదిలేయడం, మళ్లీ అదే. పక్కన రన్‌అవే ట్రక్ ర్యాంప్ కనబడింది. బ్రేకులు పోయిన లారీలు అందులోకి వెళ్తే లోతైన కంకర చక్రాల్ని మింగి ఆపేస్తుంది. కాసేపటికే ఇంకోటి. మామయ్యగారు తల తిప్పి అది కనుమరుగయ్యేదాకా చూశారు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఫ్రిస్కోలో హాయిగా గడిచింది. అత్తయ్యగారికి మాత్రం మొదట్లో ఎత్తు వల్ల తలనొప్పి, నీళ్లు బాగా తాగాక సర్దుకుంది. అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. పక్క సైట్‌లో మిజోరీ నుంచి వచ్చిన ఒకాయన డీజిల్ ట్రక్కు వేసుకొచ్చాడు. ఆయన ట్రైలర్ 14 వేల పౌండ్ల ఫిఫ్త్ వీల్ (ట్రక్కు తొట్టిలోనే తగిలించే రకం), ఏడాదిలో సగం రోజులు రోడ్డు మీదే. ఆయనకి డీజిల్ కాక మరోటి పనికిరాదు. నా వాడకం చెబితే, నీకు పెట్రోలే సరి, కానీ 3.73కి బదులు 4.30 యాక్సిల్ (చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ అన్నిసార్లు తిరుగుతుంది) ఉన్నది వెతుక్కోవాల్సింది, ఎగువలో ఇంకాస్త తేలిగ్గా ఉండేది అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఈసారి ఎవరైనా అడిగితే యాక్సిల్ నిష్పత్తి కూడా చూసుకోమని చెబుతాను.

తిరుగు ప్రయాణం మామూలే, ఎక్కువ దిగువ, వెనకనుంచి గాలి. ఇల్లు చేరి ట్రైలర్ విప్పుతుంటే మామయ్యగారు నోట్‌బుక్ తెరిచి అంతా కూడారు. రానూపోనూ కలిపి లీటరుకి 3.6 వచ్చింది. డిపోలో అయితే నాకు ఈపాటికి మెమో వచ్చేదట.