మా వీధి కాలువ, ఒక ఎం-బుక్ పేజీ

పంచాయతీ ఖర్చులు ఫోన్‌లోనే చూసుకోవచ్చని తెలిసిన రాత్రి, హైదరాబాద్‌లో నా గదిలో కూర్చుని ఈ-గ్రామ్ స్వరాజ్ యాప్‌లో మా ఊరి పనులన్నీ వరసగా చదివాను. మా వీధి మురుగు కాలువ కనిపించింది. పని పూర్తి, బిల్లు చెల్లించేశారు. కానీ కాలువ మా వీధిలో సగం దాకే ఉంది. వానొస్తే నీళ్లు ఇప్పటికీ మా గుమ్మం ముందే నిలుస్తాయి. అమ్మకి చెబితే "ఎవరో తినేశార్రా" అంది. నాకూ అలాగే అనిపించింది.

సమాచార హక్కు దరఖాస్తులో ముందు "కాలువ సగంలో ఎందుకు ఆపారు?" అని రాశాను. ఇలాంటివి చాలా పెట్టిన మా బాబాయ్ చదివి పక్కన పెట్టేశాడు. "ఎందుకు అంటే జవాబు రాదు. ఆఫీసులో ఏ కాగితం ఉంటుందో దాని పేరు రాసి అడుగు" అన్నాడు. అంచనా పత్రం, ఎం-బుక్ (చేసిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకం) పేజీలు, బిల్లు. ఈ మూడింటి నకళ్లు కావాలని తెల్లకాగితం మీద తెలుగులోనే రాశాను. పంచాయతీలో ఇస్తే ఫీజు లేదు. మండల స్థాయిలో అయితే 5 రూపాయలు, ఆపైన 10. పంచాయతీలో ఉచితమని మా ఊళ్లో చాలామందికి తెలియదు.

కార్యదర్శి గారు మర్యాదగానే తీసుకున్నారు. "ఎం-బుక్ మా దగ్గర ఉండదు బాబూ, ఏఈ గారి దగ్గర ఉంటుంది" అన్నారు. ఏఈ అంటే పనులు చూసే అసిస్టెంట్ ఇంజినీరు. అది నిజమే. కానీ సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లోపు దరఖాస్తును వాళ్లే అక్కడికి పంపాలి, మనల్ని తిప్పకూడదు. ఆ మాటే చెప్పి, రసీదు తీసుకుని వచ్చాను.

30 రోజులు గడిచాయి. జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాను. మూడు వారాలకు కవరు వచ్చింది. గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) కింద నకళ్లకు డబ్బు తీసుకోలేదు.

ఎం-బుక్ పేజీ అంతా చేతిరాత. పొడవు, వెడల్పు, లోతు అని గళ్లు, కింద సంతకం, తేదీ. కాలువ కింద రెండు వరుసలున్నాయి. మొదటిది మా వీధి, 48 మీటర్లు. రెండోది బడి వెనక సందు, 72 మీటర్లు. ఆ ఆదివారమే ఊరెళ్లాను. బాబాయ్ ఒక చివర, నేను ఒక చివర టేపు పట్టుకుని రెండు చోట్లా కొలిచాం. లెక్క సరిపోయింది.

ఎవరూ ఏమీ తినలేదు. అమ్మ మాత్రం రెండు నెలలుగా వార్డు మెంబరు ఎదురైతే తల తిప్పుకుని వెళ్తోంది. ఫోన్‌లో మొత్తం ఎంతో కనిపించింది గానీ ఎక్కడ ఎన్ని మీటర్లో కనిపించలేదు. జనం అడిగే దాకా ఆగకుండా ఇలాంటివి తమంతట తామే బయటపెట్టాలని 2005 నాటి చట్టం సెక్షన్ 4లోనే చెప్పింది. ఈ ఒక్క పేజీ ఫొటో తీసి పెట్టడానికి నిమిషం పట్టదు కదా అని ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ ఆ జిరాక్స్ మడిచి చేత్తో పట్టుకుని మెంబరు గారింటికి వెళ్లింది. నేను రెండో దరఖాస్తు రాస్తూ కూర్చున్నాను. మా వీధిలో మిగిలిన కాలువకు అంచనా వేశారా, వేస్తే దాని నకలు ఇవ్వండి అని.