లండన్‌లో పిల్లలతో తిండి: అడగాల్సింది వాళ్లే

ఇంగ్లండ్‌లో ఉండే మన కుటుంబాలకి స్కూలు సెలవులనగానే ముందు గుర్తొచ్చేది లండన్. పెద్ద మ్యూజియంలు చాలావరకు ఉచితం. ట్యూబ్‌లో (అక్కడి మెట్రో రైలు) 11 ఏళ్ల లోపు పిల్లలకి, పెద్దవాళ్లు వెంట ఉంటే, టికెట్ అక్కర్లేదు. అందుకే చూడాల్సినవాటి గురించి ఎవరికీ పెద్ద టెన్షన్ ఉండదు. వెళ్లొచ్చాక స్నేహితులు అడిగేది మాత్రం "మరి తిండికి ఏం చేశారు?" అనే. మా ఇంట్లో బీఫ్, పోర్క్ తినం. పాపకి పదేళ్లు, తనంతట తానే మాంసం మానేసింది. బాబుకి ఏడు, చికెన్ ఉంటే వాడికి ఇంకేమీ అక్కర్లేదు. చాలా ఇళ్లల్లో ఇలాగే తలో రకంగా ఉంటుంది కాబట్టి మేం ఏం చేస్తామో రాస్తున్నాను.

ఊరెళ్లినప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి ఒకటే. ఎవరికి కావాల్సింది వాళ్లే ఆర్డర్ చెప్పాలి, అందులో ఏమేం వేశారో కూడా వాళ్లే అడగాలి. నేనూ మావారూ పక్కనే ఉంటాం కానీ కలగజేసుకోం. స్కూల్లో ఇలా అడగడానికి పిల్లలకి మొహమాటం. వెనక లైన్లో స్నేహితులుంటారు, వడ్డించేవాళ్లు తొందరలో ఉంటారు. జెల్లీ స్వీట్లలో వేసే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకలతో చేస్తారు. పుట్టినరోజు పార్టీలో స్వీట్లు పంచుతుంటే "ఇందులో జెలటిన్ ఉందా?" అని అడగ్గానే అందరూ తనవైపే తిరుగుతారని మా పాప బాధ. ఊరుగాని ఊళ్లో ఆ బెంగ లేదు. అక్కడ మనమెవరో ఎవరికీ తెలియదు. "నేనిది తినను, ఇంకేముంది?" అనే మాట ఈ వయసులో నోటికి అలవాటైతే, రేపు ఇల్లు వదిలి యూనివర్సిటీకి వెళ్లాక తినేదీ తిననిదీ దాచుకునే అవసరం రాదని నా గట్టి నమ్మకం.

దీనికి అన్నిటికంటే మంచి చోటు బరో మార్కెట్. లండన్ బ్రిడ్జ్ స్టేషన్ దగ్గర, రైలు వంతెనల కింద, సదర్క్ కెథడ్రల్‌ని ఆనుకుని ఉంటుంది. సోమవారం మూసేస్తారు. శనివారం జనం తొక్కిసలాటలా ఉంటుంది, పిల్లలతో వద్దు. మామూలు రోజు, పన్నెండు కాకముందే వెళ్తే అమ్మేవాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది. పోయినసారి మా పాప ఒక చీజ్ దుకాణం ముందు చాలాసేపు నిలబడింది. పాలు గడ్డకట్టడానికి వాడే రెనెట్ కొన్నిసార్లు దూడ పొట్టలోంచి తీస్తారని ఎక్కడో చదివింది. లోపల్లోపల రెండుసార్లు మాటలు కూర్చుకుని, "వీటిల్లో శాకాహారులు తినేవి ఏవి?" అని అడిగింది. ఆయన చేతిలో ఉన్న కత్తి పక్కన పెట్టి, కౌంటర్ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. ఇది తినొచ్చు, ఇది వద్దు అని ఒక్కొక్కటే చూపించాడు. పార్మెజాన్ పేరెత్తగానే "అది ఎప్పుడూ దూడ రెనెట్‌తోనే చేస్తారు, ఎక్కడా అడగక్కర్లేదు" అన్నాడు. తను తినగలిగే చీజ్ లోంచి పల్చటి ముక్క ఒకటి కోసి, కాగితం మీద పెట్టి ఇచ్చాడు. పాప అది నోట్లో పెట్టుకుని, మా వైపు తిరక్కుండానే, "వంద గ్రాములు ఇవ్వండి" అంది. నాకు ఆ చీజ్ వాసన అస్సలు పడలేదు. కానీ ఆ వంద గ్రాములకీ సంతోషంగా డబ్బులిచ్చాను.

ఇక్కడి చట్టం గురించి ఒక మాట. ఇంగ్లండ్‌లో హోటలైనా, బండైనా 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగితే చెప్పి తీరాలి. 2021 అక్టోబరు నుంచి, షాపులోనే తయారుచేసి ప్యాక్ చేసి పెట్టిన సాండ్‌విచ్ లాంటివాటి మీద పదార్థాలన్నీ అచ్చువేయాలి. నట్స్ పడని పిల్లలున్నవాళ్లకి ఇది కొండంత అండ. అయితే బీఫ్ కొవ్వు, పోర్క్ జెలటిన్ ఆ పద్నాలుగింటిలో లేవు. ప్యాకెట్ మీదైతే పదార్థాల జాబితా ఉంటుంది, ప్లేటులో వచ్చేదాని గురించి మాత్రం మనమే అడగాలి. చిప్స్ సంగతే చూడండి. యార్క్‌షైర్ వైపు చాలా షాపుల్లో బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించిన బీఫ్ కొవ్వులో, వేయిస్తారు. లండన్‌లోనూ అలాంటి షాపులున్నాయి. మావాడికి ఇప్పుడు ఏ చిప్స్ షాపుకెళ్లినా "ఏ నూనె?" అన్నదే మొదటి మాట. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయని మా పాప వాడికి నేర్పింది.

పబ్బుకి పిల్లల్ని తీసుకెళ్లడమేంటని మనవాళ్లు చాలామంది అంటారు. నేను తీసుకెళ్తాను, ఆదివారం మధ్యాహ్నం. పెద్దవాళ్లు వెంట ఉంటే చిన్నపిల్లల్ని రానిచ్చే పబ్బులే ఎక్కువ, అయితే అది ఆ పబ్బువాళ్ల ఇష్టం. సండే రోస్ట్ అంటే ఓవెన్‌లో కాల్చిన మాంసంతో, ఇక్కడ కుటుంబమంతా కూర్చుని తినే ఆదివారం భోజనం. సోమవారం క్లాసులో పిల్లలు మాట్లాడుకునేది దాని గురించే. మా పిల్లలు ఆ మాటల్లో బయటివాళ్లలా ఉండకూడదు. శాకాహారం తినే పిల్లలకి మాంసం బదులు గింజపప్పులతో చేసే నట్ రోస్ట్ దొరుకుతుంది. రోస్ట్‌తో పాటు ఇచ్చే యార్క్‌షైర్ పుడింగ్ గుడ్డు, పాలు, మైదాతోనే చేస్తారు గానీ అదీ కొన్నిచోట్ల కొవ్వులోనే కాలుస్తారు, గ్రేవీ కూడా మాంసం రసంతో చేసి ఉండొచ్చు. రెండూ అడగాలి. మందు అమ్మే లైసెన్సున్న చోట అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది, బాటిల్ కొనక్కర్లేదు. రెస్టారెంట్లలో బిల్లు కింద 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ వేస్తుంటారు, అది ఐచ్ఛికమని రాసుంటే ఇవ్వడం మన ఇష్టం.

మన తిండి లేకుండా మాత్రం మేం తిరగం. మేం దిగేది యూస్టన్‌లో. ఆ స్టేషన్ పక్కనే ఉన్న డ్రమండ్ స్ట్రీట్‌లో దోసె, భేల్‌పూరీ దొరికే శాకాహార హోటళ్లు, మిఠాయి కొట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. రైలు దిగి అలసిపోయి ఉన్న పిల్లలకి మొదటి పూట అక్కడే నయం. లండన్‌లోనే మన హోటళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్, టూటింగ్ వెళ్తే ఇంకా బాగా తినొచ్చు గానీ, వారాంతానికి వచ్చినవాళ్లు ఇడ్లీ కోసం అంతదూరం వెళ్లాలని నేననను. స్ట్రాండ్‌లో, కృష్ణమీనన్ పేరుతో ముడిపడిన ఇండియా క్లబ్ 2023 సెప్టెంబరులో మూతపడింది. ఆ పాత మెట్లెక్కి పిల్లలతో దోసె తినాలని నాకు చాలా కోరికగా ఉండేది.

తినడానికి ఏమీ దొరకని ఒక చోటుకి కూడా తీసుకెళ్తాను. పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర జార్జ్ స్ట్రీట్‌లో గోడకి ఒక ఆకుపచ్చ ఫలకం ఉంటుంది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన 1810లో అక్కడ హిందుస్తానీ కాఫీ హౌస్ పెట్టాడు. భారతీయుడు బ్రిటన్‌లో పెట్టిన మొదటి భారతీయ భోజనశాల అది. రెండేళ్లు తిరిగేసరికి దివాలా తీశాడు. తర్వాత బ్రైటన్‌లో ఆవిరి స్నానాలు, మర్దనాల వ్యాపారం పెట్టి, ఇద్దరు రాజుల దగ్గర ఆ పని చేసేంత పేరు తెచ్చుకున్నాడు. ఇది చెప్తే మా బాబు "ఆయనకి తెలుగు వచ్చా?" అని అడిగాడు. పాప మాత్రం సంవత్సరాలు లెక్కేసి, "మనం నిన్నా మొన్నా వచ్చినవాళ్లం కాదన్నమాట" అంది. "మీ తిండి ఎక్కడినుంచి వచ్చింది?" అని స్కూల్లో ఎవరైనా అడిగితే చెప్పడానికి దాని దగ్గర ఇప్పుడు ఒక వీధి పేరుంది.

మధ్యాహ్నానికి డబ్బాలో పులిహోర పెట్టుకెళ్తాం. సౌత్ కెన్సింగ్టన్‌లోని సైన్స్ మ్యూజియంలో సొంత భోజనం తినడానికి విడిగా చోటుంది. మూత తీయగానే ఇంగువ వాసన బల్ల దాటి వెళ్తుంది, వెళ్లనీ అంటాను. చెంచాలు నేను తీసుకెళ్లను. "చేత్తో తినొచ్చా?" అని మావాడు మెల్లగా అడిగాడు. చేతులు కడుక్కురమ్మన్నాను. వేరుశెనగ గుళ్లన్నీ ఏరుకుని తిన్నాక గానీ అన్నం ముట్టలేదు.

ఐదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లు ఇదంతా పెట్టుకోకండి. వాళ్లకి ఏది పడితే అది, వేళకి పెడితే చాలు. కాస్త పెద్దపిల్లలైనా ఆకలి మీద ఉన్నప్పుడు అడగమంటే ఏడుపే మిగులుతుంది, అందుకని అరటిపండో బిస్కెట్టో ముందే తినిపించి లైన్లో నిలబెట్టండి. సాయంత్రమయ్యాక పిల్లల్ని రానివ్వని పబ్బులుంటాయి, బయల్దేరేముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ కూడా మా ఇంట్లో పాపే చేస్తుంది.