చెరువు గట్టు మీద ఇయర్‌బడ్స్: రెండు నెలల లెక్క

మే 4

పాత ఇయర్‌ఫోన్లతో గట్టు మీద వీణ వినడం ఇక నావల్ల కాలేదు. అందుకే ఈ లెక్క రాసుకోవడం మొదలెట్టాను. మాది మొగల్తూరు వైపు కౌలుకి తీసుకున్న నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు. వారంలో నాలుగు రాత్రులు కాపలా నాది, మూడు నాన్నది. రెక్కలతో నీళ్ళని చిలికి ఆక్సిజన్ కలిపే రెండు హెచ్‌పీ ఏరేటర్లు ఆరున్నాయి. రాత్రి తొమ్మిదింటికి వేస్తే తెల్లారి ఎండెక్కేదాకా ఆగవు. ఆ హోరు మధ్య నేను వినాలనుకునేది ఈమని శంకరశాస్త్రి గారి, చిట్టిబాబు గారి పాత రికార్డింగులు. ఇద్దరూ మన గోదావరి వాళ్ళే. ఈమని వారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు, చిట్టిబాబు గారు 1936లో కాకినాడలో.

చిక్కేమిటంటే, వీణలో అన్నిటికన్నా కింది స్థాయిలో పలికే మంద్రం, అనుమంద్రం తీగలు శ్రుతిని బట్టి ఇంచుమించు 60 నుంచి 90 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటారు గుర్రు దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటుంది. రెండూ పక్కపక్కనే. మీటు వినపడుతుంది గానీ, ఆ తరవాత తీగ సాగుతూ సన్నబడేది మోటారు కింద పడి నలిగిపోతుంది. గమకమంతా ఉండేది ఆ సాగులోనే. పోనీ వాల్యూం పెంచుదామంటే మీటు చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది, సాగు మాత్రం పైకి రాదు.

మే 9

నరసాపురంలో 2,500 పెట్టి ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సెలేషన్, బయటి చప్పుణ్ణి తగ్గించేది) ఉన్న జత కొన్నాను. పెట్టె మీద ఇన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందని పెద్ద అంకె వేశారు. ఆ అంకె బాగా తగ్గే ఒకటి రెండు స్వరస్థాయిల దగ్గర వచ్చే గరిష్ఠం, అంతే. అన్ని చప్పుళ్ళకీ అంత తగ్గదు.

ఏఎన్‌సీ చేసే పని వినడానికి సులువే. బడ్ బయటున్న మైకు చప్పుడుని పట్టుకుంటుంది. లోపలి చిప్పు దానికి సరిగ్గా తిరగేసిన అలని తయారుచేసి స్పీకరులోంచి వదులుతుంది. ఎగుడు మీద దిగుడు పడి రెండూ చదునవుతాయి. చెవివైపు ఇంకో మైకు ఉన్నవాటిలో మిగిలిపోయినదాన్ని కూడా చూసుకుని సరిదిద్దుతుంది. ఆలోచన పాతదే. పాల్ లూగ్ అనే జర్మన్ ఆయనకి దీని మీద 1936లోనే అమెరికా పేటెంటు వచ్చింది. మోటారు, జనరేటరు, బస్సు ఇంజను లాంటి నెమ్మదైన, ఒకే తీరుగా సాగే గుర్రుని ఇది బాగా పట్టుకుంటుంది. చిన్న చిన్న అలలుగా వేగంగా మారిపోయే చప్పుళ్ళకి, అంటే హారను, మాటల్లో స-ష లు, గిన్నె కిందపడ్డ మోతకి, అంత త్వరగా అందుకోలేదు. వాటిని ఆపాల్సింది చెవిలో దూరే రబ్బరు బుడిపె.

గట్టు మీద, ఏరేటర్లకి పది అంగల దూరంలో పాట లేకుండా ఆన్ చేసి చూశాను. గుర్రు ఒక్కసారిగా దూరంగా జరిగిపోయింది. రెక్కలు నీళ్ళని కొట్టే చటచట మాత్రం అలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే గుర్రు పోయాక అదే విడిగా, స్పష్టంగా వినపడింది. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొచ్చింది.

వాల్యూం లెక్క: ఏఎన్‌సీ లేకుండా ఫోన్లో 15కి 12 పెట్టేవాణ్ణి. ఉంటే 7 చాలింది. నా వరకూ పెట్టిన డబ్బు ఈ ఐదు మెట్లకే గిట్టుబాటైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు. అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. రాత్రికి నాలుగైదు గంటలు వినేవాడికి ఇది చిన్న విషయం కాదు.

మే 15

వారం రోజులు పొరపాటు పడ్డాను. ఎడమ చెవిలో గుర్రు కొంచెం మిగిలిపోతోంటే బడ్ లోపం అనుకున్నాను. కాదు, బుడిపె సైజు. నా ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే వెడల్పు. కుడికి మీడియం, ఎడమకి లార్జ్ వేశాక రెండు వైపులా సమానమైంది. రెండు చెవులకీ ఒకే సైజు ఉండాలని ఎక్కడా లేదు, ఎవరూ చెప్పరు కూడా.

సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోడానికి నేను చేసేది: పాట ఆపి, నోరు మూసుకుని ‘ఊఁ’ అని మెల్లగా అనాలి. మన గొంతు బిందెలోంచి వచ్చినట్టు బొంగురుగా, తలలోపల మోగాలి. అలా మోగకపోతే ఎక్కడో సందు ఉన్నట్టే. పెట్టేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, బడ్‌ని లోపలికి తోసి, కొద్దిగా వెనక్కి తిప్పితే దిగుతుంది. ఈ సందు ఉంటే ఏఎన్‌సీ సగం పోతుంది, వీణ మంద్రం కూడా పోతుంది. పది వేల జతైనా అంతే.

మే 24

చెల్లి సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చింది. దానివి యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2. రెండు రాత్రులు దాని ఐఫోన్‌తో సహా అరువు తీసుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోనుకి కలిపితే పాట వస్తుంది గానీ సెట్టింగులు చాలావరకు ఐఫోన్లోనే ఉంటాయి.

గుర్రు నా జతలో దూరంగా జరిగితే, ఇందులో దాదాపు లేకుండా పోయింది. జనరేటరు షెడ్డు పక్కన నిలబడితే తేడా ఇంకా బాగా తెలిసింది. డీజిల్ ఇంజను దడ కాళ్ళ కింద నేలలో తెలుస్తోంది, చెవిలో మాత్రం పల్చటి గరగర. అయితే నన్ను కట్టిపడేసింది ఇందులోని ట్రాన్స్‌పరెన్సీ, అంటే బడ్స్ తీయకుండానే బయటి చప్పుడు వినిపించే పద్ధతి. బయటి చప్పుడు మైకులోంచి వచ్చినట్టే ఉండదు. కాపలా బాబాయ్ వెనకనుంచి ‘అబ్బాయ్, మేత ట్రే చూశావా’ అంటే ఏ పక్కనుంచి అన్నాడో కూడా తెలిసింది. బడ్ ఒక్కోటి 5.3 గ్రాములు, ఏఎన్‌సీతో ఆరు గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది. తొమ్మిదికి పెట్టుకుంటే తెల్లారేదాకా రాదన్నమాట, మధ్యలో ఒకసారి ఛార్జింగ్ డబ్బాలో పెట్టాలి.

జూన్ 3

భీమవరంలో మేత కొట్లో పనిచేసే స్నేహితుడి దగ్గర సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం5 ఉంది. 2023లో వచ్చిన మోడల్. నాలుగు రోజులు ఇచ్చాడు, అడగ్గానే ఇచ్చినందుకు వాడికి కేజీ రొయ్యలు. దీనికి రబ్బరు కాకుండా ఫోమ్ బుడిపెలు, నాలుగు సైజులు. వేళ్ళతో నలిపి సన్నం చేసి చెవిలో పెట్టి, అది ఉబ్బేదాకా పదిహేను ఇరవై సెకన్లు వేలితో పట్టుకోవాలి. నీళ్ళ చటచట కూడా సగానికి తగ్గింది. అది చిప్పు గొప్పతనం కన్నా ఫోమ్ గొప్పతనం అని నా నమ్మకం, ఎందుకంటే ఏఎన్‌సీ ఆపేసినా చటచట అంతే తక్కువగా ఉంది.

వీణకి నాకు ఇదే నచ్చింది. అనుమంద్రం మీటాక ఆ తీగ నాలుగైదు సెకన్లు సాగుతుంది చూడండి, చివరికి వచ్చేసరికి స్వరం పోయి తీగ ఊపు ఒక్కటే మిగులుతుంది. ఆ చివర వినపడింది. పక్కన ఏరేటర్లు ఆరూ తిరుగుతున్నాయి. వాయించే ఆయన తీగని లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్ళి, దించేటప్పుడు మధ్యలో ఒక్క క్షణం ఆగడం, ఆగినచోట మెట్టు మీద వేలు రాసుకున్న చిన్న గీర. ఇన్నేళ్ళుగా అదే రికార్డింగు వింటున్నా ఆ గీర నాకు తెలీదు.

ఎల్‌డ్యాక్ గురించి అందరూ అడుగుతారు. పాటని కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతుల్లో (కోడెక్) ఒకటి అది, 990 కేబీపీఎస్ దాకా వెళ్తుంది. ఆన్ చేసి, ఆపి, పది సార్లు మార్చి విన్నాను. పాత రేడియో రికార్డింగుల్లో నాకేమీ తేడా తెలియలేదు, బ్యాటరీ మాత్రం ముందే దిగింది. కొత్త రికార్డింగులు వినేవాళ్ళ సంగతి వేరు కావచ్చు. నేను ఆపేసి ఉంచుతున్నాను.

ఫోమ్‌కి మన వాతావరణం పడదు. చెమట, చెవి జిడ్డు పీల్చుకుని నాలుగో రోజుకే ఉబ్బడం మందగించింది. ఏ కంపెనీ ఫోమ్ అయినా ఇంతే, విడిగా కొని మార్చుకుంటూ ఉండాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

జూన్ 11

ఇది రాయడానికి మనసొప్పడం లేదు గానీ రాయాలి.

రాత్రి రెండు దాటింది. నా 2,500 జత రెండు చెవుల్లోనూ ఉంది, ఏఎన్‌సీ ఆన్. మకాం అరుగు మీద పడుకుని ఆకాశం చూస్తూ వింటున్నాను, లైటు ఆర్పేసి. కరెంటు పోయింది. నాకు తెలియలేదు. ఏరేటర్లు ఆగిపోయిన సంగతి కాపలా బాబాయ్ అవతలి గట్టు నుంచి టార్చి ఊపుతూ పరిగెత్తుకొచ్చి భుజం పట్టి లేపితే తెలిసింది. జనరేటరు వేసేసరికి పది నిమిషాలు అయ్యుంటుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చూపే డీఓ మీటరు పెడితే 3.1. వనామీకి 4కి పైన ఉండాలి. తెల్లవారుజామున ఎటూ తక్కువే, రాత్రంతా నీళ్ళలో నాచు కూడా ఆక్సిజనే పీలుస్తుంది కదా. రొయ్య అంచులకి రావడం అప్పుడే మొదలైంది. ఇంకో అరగంట అయ్యుంటే తేలిపోయేది.

నాన్న తిట్టలేదు. “మన చెరువుల మీద చెవి మేలుకునుండేది చప్పుడుకి కాదురా, చప్పుడు ఆగడానికి” అన్నారు.

నిజమే. చెరువు మీద పెరిగినవాళ్ళెవరైనా ఏరేటరు ఆగితే నిద్రలోంచి లేస్తారు. నేను డబ్బులిచ్చి కొనుక్కున్న మిషను సరిగ్గా ఆ చప్పుణ్ణే చెరిపేస్తోంది. ముందే చెరిపేసినది ఆగితే చెవికి ఏం తెలుస్తుంది? దీనికి ఏ కంపెనీదీ తప్పు కాదు. ఎంత మంచి జతైతే అంత ప్రమాదం.

జూన్ 13

కాపలా రాత్రుల్లో పెట్టుకున్న పద్ధతి: కుడి చెవిలో ఒక్కటే బడ్, ఎడమ చెవి ఖాళీ. పాత రికార్డింగులు మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని, కాబట్టి ఒక చెవితో వింటే పాటలో ఏమీ పోదు. ఒక్క బడ్ పెట్టుకుంటే చాలా జతల్లో ఏఎన్‌సీ దానంతటదే ఆగిపోతుంది. ఎయిర్‌పాడ్స్‌కి ఒక్కదానితో కూడా పనిచేసేలా ఐఫోన్ యాక్సెసిబిలిటీలో సెట్టింగ్ ఉంది. ఇంకో లాభం, బడ్‌లు ఒకటి చెవిలో, ఒకటి డబ్బాలో మార్చుకుంటుంటే తెల్లవార్లూ ఛార్జింగ్ సరిపోతోంది.

జూన్ 19

సముద్రం వైపు నుంచి గాలి మొదలైంది. బయటి మైకుల మీద గాలి కొట్టి, ఏఎన్‌సీ దాన్నీ చప్పుడనుకుని తిరగేయబోయి, చెవిలో బుర్రుమని మోగుతుంది. గాలికి వీపు పెట్టి కూర్చుంటే చాలావరకు పోయింది. తలకి తువ్వాలు చెవుల మీదుగా చుట్టినా పోతుంది. గాలి చప్పుడు తగ్గించే సెట్టింగ్ ఉన్నవాటిలో అది వేసుకుంటే మేలు, ఏఎన్‌సీ బలం కొంచెం తగ్గుతుందంతే.

జూన్ 26

పగటి సంగతులు. భీమవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఇంజను గుర్రు పోతుంది, హారన్లు, కండక్టరు గారి మాట వస్తాయి. నా చవక జతకి లార్జ్, మీడియం బుడిపెలు వేశాక బస్సులో ఇంతకు మించి అక్కర్లేదనిపించింది. సఖినేటిపల్లి వెళ్ళే పంటు మీద కూడా అంతే, ఇంజను దడ తగ్గి గోదావరి నీళ్ళ చప్పుడు పైకొస్తుంది. నేను పాట పెట్టకుండా ఉత్త ఏఎన్‌సీతో రేవు దాటాను. రోడ్డు మీద బండి నడుపుతూ మాత్రం ఏదీ పెట్టుకోను.

ఉప్పు జాగ్రత్త: నా జత డబ్బాలో ఛార్జింగ్ పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము పట్టి కుడి బడ్ ఛార్జ్ అవడం మానేసింది. ట్రే తీసిన తడి చేత్తో ముట్టుకున్నది నేనే. ఐపీఎక్స్4 అంటే చిందే మంచినీళ్ళకి తట్టుకుంటుందని, చెరువు నీళ్ళకి కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెడితే మళ్ళీ ఎక్కింది. ఇప్పుడు డబ్బాని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచుతున్నాను. చేతులు కడిగి, తుడుచుకున్నాకే తీయడం.

జూలై 5

ఏరేటర్లు ఆగితే మోగేలా ఎలక్ట్రీషియన్‌తో సైరన్ పెట్టించాం. ముందు ఒక్కో ఫేజుకీ ఒక్కో రిలే (కరెంటు పోతే దానంతటదే మారే స్విచ్చి) పెట్టమన్నాను. ఆయన వద్దన్నాడు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, తిరుగుతున్న మోటార్లు ఆ తీగలోకి వెనక్కి వోల్టేజి పంపుతాయట, రిలే మోసపోతుందట. అందుకని స్టార్టర్లలో ఉన్న అదనపు ఎన్‌సీ పాయింట్లని (స్టార్టరు ఆగి ఉన్నప్పుడు కలిసుండేవి) 12 వోల్టుల బ్యాటరీకి, సైరనుకి కలిపాడు. ఏ కారణంతోనైనా స్టార్టరు పడిపోతే ఆ పాయింటు మూసుకుని సైరన్ మోగుతుంది. ఒక ఫేజు పోతే మోటార్లని ఆపే ప్రివెంటరు, ఫేజు పోయిందని స్టార్టర్ని పడేసినా మోగుతుంది.

పరీక్ష చేశాం. నేను అరుగు మీద రెండు చెవుల్లో బడ్స్, ఏఎన్‌సీ, వాల్యూం 7తో వీణ వింటూ కళ్ళు మూసుకున్నాను. నాన్న చెప్పకుండా మెయిన్ దించారు. సైరన్ కీచు గొంతు, ఏఎన్‌సీకి అందని రకం. ఉలిక్కిపడి లేచాను. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ వినపడింది. సోనీ మళ్ళీ తెచ్చి ఫోమ్ బుడిపెలతో చూశాను. సన్నబడింది గానీ వచ్చింది.

ఇక రెండు చెవులా వినొచ్చనుకుంటుంటే కాపలా బాబాయ్ ఒక మాటన్నాడు. “మోటారు తిరుగుతానే ఉండి గేరుబాక్సులో పళ్ళు పోతే? రెక్క ఆగిపోద్ది, స్టార్టరు పడదు. అప్పుడు నీ సైరన్ మోగుద్దా అబ్బాయ్?”

మోగదు. అప్పుడు వినపడాల్సింది ఆ చటచటే, ఆరింట్లో ఒకటి తగ్గడం. కాబట్టి రాత్రుళ్ళు ఎడమ చెవి ఖాళీగానే ఉంటోంది. సోనీ జత కోసం డబ్బులు కూడబెడుతున్నాను, అది రొయ్యల పట్టుబడి అయిపోయాక పగలు ఇంట్లో వినడానికి.